దాపటికి రెండెద్దులు, ఎలపటికి నేను

కాశెన్న ఉండాడే, గుండ్లకొట్టాల కాశెన్న, ఆయప్పకు ఒకే ఒక ఎద్దు. ఒక ఎద్దంటే ఏంది నాయనా, ఒక చెప్పు ఉన్నట్టు. ఒక చెప్పేసుకోని యాడికి పోతావు? అట్లని పారేస్తావా? పారేయలేవు. సరిగ్గా అట్లనే పక్క చేను ఓబుళేసుకు గూడా ఒకటే ఎద్దు. ఆ ఓబుళేసు ఎవురనుకున్యావు, కాశెన్న పెండ్లాం పుల్లమ్మకు తోడబుట్టిన తమ్ముడు. బావా బావమరిదీ ఒక మాటనుకున్యారు. కాశెన్న ఎద్దు మైలోడు, ఓబుళేసు ఎద్దు కర్రోడు, రెండిటినీ ఒక కాడికి కట్టి ఇద్దరి చేలూ చేసుకునేది. పొత్తుకాడి అనేవాళ్ళం దాన్ని. మైలోడు దాపట, కర్రోడు ఎలపట. నువ్వు రాసుకునేవాడివి, నీకు తెలీదులే, చెప్తా ఇను. విత్తే గొర్రు పట్టినోని ఎడం చేతి పక్క నడిచే ఎద్దు దాపట, కుడి చేతి పక్కది ఎలపట. దూడప్పుడు ఏ పక్క అలవాటైతే సచ్చేదాకా అదే పక్క. మనిషి మతమన్నా మారతాడు గానీ ఎద్దు పక్క మారదు. ఆరేండ్లు నడిచినాయి ఆ రెండూ. ఒకటి దగ్గితే ఇంకోటి ఆగేది. అట్లాంటి జత.

ఆ దినాల్లో మా కొండ కింద ఊర్లల్లో ఎన్నెకరాలుండాదని ఎవురూ అడిగేది లేదు. ఎన్నెద్దులు, ఎన్నెనుములు, కొట్టంలో పేడ ఎంత, అదీ అడిగేది. మనిషికి జరమొస్తే రేపటికి తగ్గుతాదిలే అని గోడ పక్కన పడేసేవాళ్ళు. అదే ఎద్దు ఒక పూట మేత ముట్టకుంటే ఊరు ఊరంతా కొట్టం ముందర! ఒకడు నాలిక చూస్తాడు, ఒకడు చెవులు పట్టుకుంటాడు, ఒకడు మిరియాలు నూరతాడు, ఏమీ చేతగానోడు నిలబడి ఏడుస్తాడు. నేనైతే చెవిలో ఒక మాట చెప్పేవాణ్ణి. అంతే, లేచి రెండు మోపుల కసువు తినేది. ఏం మాట అని అడగొద్దు, అది గురువు చెప్పింది, బయటికి రాకూడదు. అదిగో, మీ అవ్వ నవ్వుతాంది. నవ్వనీ. సుంకులమ్మకు నా ఇద్దెలన్నీ తెలుసు, ఒప్పుకునే బుద్దే ల్యా.

ఏమైందంటే, పొత్తుకాడికి వంతు ఉంటాది. ఒక ఏడు ముందు నా చేను విత్తితే, మళ్ళేడు ముందు నీ చేను. ఎందుకంటే మాది ఎర్ర గరప నేల, కొండ వాలు. వాన పడితే మూడు దినాలే పదును. పిడికెడు మన్ను పట్టి పిసికితే ముద్ద కావల్ల, ఏలితో పొడిస్తే ఇడిపోవల్ల, అదీ పదునంటే. నాలుగో దినానికి పెంకు. పెంకులో గింజేస్తే చీమలకు విందు చేసినట్టే. అందుకే వంతు మా ఊర్లో దేవునితో సమానం. నేను చెప్పే ఏటికి ముందేడు కాశెన్న వంతు. ఆ ఏడు వాన పడల్యా. ఒక్క చుక్క పడల్యా. కాకులు గూడా దాహానికి మా ఊరొదిలి పోయినాయి, నేను కొండ అవతలినుంచి రెండు కడవల నీళ్ళు తెచ్చి పోస్తే మళ్ళా వచ్చినాయి, అది వేరే సంగతి. మళ్ళేడు మిరుగు కార్తె పుట్టిన మూడో దినం కొండ మింద నల్లగా లేచి, కుండతో కాదప్పా, బానలతో కుమ్మరించింది. ఊరంతా వాకిట్లో నిలబడి తడిసినాం. ముసలోల్లు గూడా గంతులేసినారు. కాశెన్న తలకాయ తుడుచుకుంటా గట్టు కాడికి పోయి, ఒరే ఓబుళేసూ, కర్రోన్ని తోలకరా, ముందు నా చేను అన్నాడంట. అదేంది బావా, ఈ ఏడు నా వంతు గదా అన్నాడంట వాడు.

"నా వంతు పోయినేడు యాడ జరిగిందిరా? వాన పడల్యా గదా!"

"వాన పడకుంటే దేవున్ని అడుగు. ఏడు పోయింది, ఏడుతో పాటే నీ వంతూ పోయింది."

"ఏడు పోతే వంతు పోతాదా? సద్ది తినకుండా మధ్యాన్నం దాటిపోతే ఆకలి పోతాదా?"

"అట్లయితే పోయినేడు నీకు పుట్టాల్సిన కొర్రలన్నీ ఈ ఏడు తెచ్చి రాశి పొయ్యి, చూస్తా!"

ఇద్దరిదీ న్యాయమే నాయనా, అదే తంటా. ఒకనిది అన్యాయమైతే నాలుగు తిట్టి కూర్చోబెట్టొచ్చు. ఊరు రెండు పాయలైపోయింది. వంతు నిలిచినట్టే అని సగం, పోయినట్టే అని సగం. మా నాయనా మా చిన్నాయనా ఈ మాట మీద మూడు నెల్లు మాట్లాడుకోల్యా, వాళ్ళకు ఆ చేలతో సంబంధమే ల్యా. మాట మాట పెరిగి, నీ కర్రోడు లేకుంటే నా గొర్రు నడవదనుకున్యావా అని ఆయప్ప, నీ మైలోడు లేకుంటే నా కొట్టం కూలిపోతాదా అని ఈయప్ప, ఇద్దరూ ఈపులు తిప్పుకోని ఇండ్లకు పోయినారు. మధ్యలో నలిగింది ఎవురు? పుల్లమ్మ. ఒక పక్క మొగుడు, ఒక పక్క తమ్ముడు. ఆయమ్మ ఇంట్లో రెండేండ్లుగా అంబలి తప్ప ఇంకోటి ల్యా. మూలన ఒక కుండలో కొర్ర విత్తనం. మూతకు పేడ మెత్తి పెట్టింది. పిల్లోల్లు ఆకలని ఏడ్చినా మూత తీయల్యా, తాను రెండు పూటలు పస్తున్నా మూత తీయల్యా. ఆ గింజ మూడు దినాల్లో భూమిలో పడకుంటే ఇంగ ఆ కుండే తినాల. ఆ కుండ తినేస్తే మళ్ళేడు విత్తనం ల్యా. విత్తనం ల్యాకుంటే సేద్యం ల్యా. అంతే సంగతి.

మరుసటి దినం చౌడమ్మ పరస. పరసంటే చుట్టుపక్కల ఎద్దులన్నీ అమ్మకానికొచ్చే జాతర. కాశెన్న తెల్లారేసరికి మా వాకిట్లో నిలబడి, ఒరే మద్దిలేటీ, నాకు జతెద్దు కావాల, లేయిరా అన్నాడు. నేను పోకుండా ఎద్దు తెచ్చుకున్నోడు మా ఊర్లో లేడు. నాకప్పుడు పాతికేండ్లు. నడుస్తాంటే నేల అదిరేది. అయితే ఎద్దు కొనాలంటే కాశెన్న చేతిలో ఏముంది? ఏమీ ల్యా. పుల్లమ్మ పెంచుకున్న పడ్డ ఒకటుంది. పడ్డంటే ఈనని ఎనుము, మీ మాటలో గేదె, వయసు పిల్ల. దాని తల్లి సచ్చిపోతే ఆయమ్మ గుడ్డ ముక్కతో పాలు తాపి, ఒళ్ళో పెట్టుకోని పెంచింది. ఇది ఈనితే నా పిల్లోల్లు మజ్జిగ తాగుతారు అని ఊరందరికీ చెప్పుకునేది. ఆ పడ్డను మారకానికి తోలకపోతామంటే ఆయమ్మ వద్దనల్యా. దాని మొగం కడిగి, పలుపు నా చేతికిచ్చి, మరిదీ, నువ్వు పోతాండావని పంపిస్తాండా, లేకుంటే ఈ మనిషిని నమ్మి పిల్లినిగూడా పంపను, చూసి తేవాల అనింది. వదినా, నేను చూసిన ఎద్దుకు వంకుంటే నా మీసం తీసి పొయ్యిలో పెట్టు అన్యా.

పరసలో పదివేల ఎద్దులు. అబద్దం చెప్తే కండ్లు పోతాయి, పదివేలకు ఒకటి తక్కువ. నేను చూస్తిని. ఒకదాని ఈపు చూసి వద్దంటి, ఒకదాని నడక చూసి వద్దంటి. ఒకడు పండ్లు చూడమంటే, అక్కర్లేదు, నీ ఎద్దు నవ్వింది, అప్పుడే చూసినా అన్యా. ఆఖరికి చింతమాను కింద ఒక ముసలి తాత, ఎర్ర తలగుడ్డ, పక్కన ఒక తెల్ల ఎద్దు. అబ్బబ్బా! వెన్నతో చేసినట్టుంది. నేను చుట్టూ తిరిగినా. నోరు తెరిచి పండ్లు లెక్కేసినా. సుడులు చూసినా, నొసట్లో ఒకటి, మూపురం కింద ఒకటి, రెండూ మంచివే. గిట్ట తట్టి సప్పుడు ఇన్యా, కంచు! తోక ఎత్తినా, దించినా. దాని కడుపు మింద చెవి పెట్టి, పొద్దున జొన్న సొప్ప తినింది, నిన్న రేత్రి సద్ద సొప్ప అని చెప్తే పరస పరసంతా గుంపు కట్టింది. తాత మాత్రం సొట్ట మూతి ముడుచుకోని, చూసుకోండప్పా, అడగాల్సింది అడగండి అన్నాడు. నేనేంది అడిగేది, నాకు ఎద్దే చెప్తాది అన్యా. అడగాల్సింది అడగండి అని మళ్ళా అన్నాడు. మద్దిలేటితో చెప్తాండావా తాతా అని భుజం మీద తువ్వాల దులిపినా. పడ్డను ఇచ్చినాం, ఎద్దును పట్టుకున్యాం. పడ్డ ఎనక్కి తిరిగి అరిచింది. కాశెన్న అటు చూడల్యా. దారంతా నేను పాడుకుంటానే వచ్చినా, నా పాటకు ఎద్దు తల ఊపింది.

రెండో దినం పొద్దున్నే చేన్లో గొర్రు కట్టినాం. గొర్రంటే విత్తే పనిముట్టు, పైన గిన్నెలో గింజలు పోస్తే కింద గొట్టాల్లోనుంచి సాళ్ళలో పడతాయి. పుల్లమ్మ కుండ మూత పగలగొట్టి, కొర్రలు ఒడిలో పోసుకోని, తూర్పుకు దండం పెట్టి నిలబడింది. మైలోడు తన దాపట చోటుకు తనే పోయి మెడ దించినాడు. కొత్తెద్దును ఎలపటికి తెస్తిమి. వాడు మైలోని ఎనకనుంచి చుట్టుకోని పోయి దాపట నిలబడినాడు. దాపటా? అలవాటు ల్యాక లే అని మళ్ళా తెచ్చినాం. మళ్ళా పోయినాడు. మూడోసారి తెచ్చి పలుపు బిగించి కాడి మోపితిమి. అప్పుడు చూడాల! కొత్తోడు ఎడమకు తోస్తాడు, ఇది నా చోటు అని. మైలోడు వాన్ని తోస్తాడు, తాతల కాన్నుంచి నా చోటు అని. రెండూ దాపటెద్దులే నాయనా, రెండూ దాపటెద్దులే! కాశెన్న హై అన్నాడు. ఎద్దులు ముందుకు పోల్యా, గుండ్రంగా తిరిగినాయి. గానుగ తిరిగినట్టు తిరిగినాయి. ఒక సుట్టు, రెండు సుట్లు, పది సుట్లు. కాశెన్న గొర్రు వదిలితే యాడికెగిరి పడతాడో అని వదలడు. పంచె ఒక సుట్టులో పోయింది, తలగుడ్డ ఇంకో సుట్టులో పోయింది. పుల్లమ్మ గింజలు పోయబోతే గింజ ఆకాశానికి లేచి నా నోట్లో పడింది. నేల గుంత పడింది, ఇప్పుడు గూడా వానొస్తే ఆ గుంతలో ఎనుములు పడుకుంటాయి. నేను ఎదురు పోయి రెండు కొమ్ములూ రెండు చేతుల్లో పట్టుకోని నిలబెట్టకపోతే కాశెన్న ఈ పొద్దుకూ తిరుగుతానే ఉండేవాడు.

ఏమంటాంది మీ అవ్వ? నేను చెట్టెక్కినానా? చెట్టెక్కింది నిజమే, పైనుంచి చూస్తే ఎద్దుల నడక బాగ తెలుస్తాదని.

మైలోన్ని ఎలపటకు మారిస్తే పడుకున్యాడు. తవుడు చూపిస్తే తవుడు తిని పడుకున్యాడు. కొత్తోని కండ్లకు గుడ్డ కడితే గుడ్డతోనే చుట్టుకోని వచ్చి దాపట నిలబడినాడు. గట్టు అవతల ఓబుళేసు కూర్చోని, కడుపు పట్టుకోని నవ్వుతాండాడు. ఏం బావా, విత్తనమా, ముగ్గా అంటాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేసే మొగోన్ని తోడు తీసుకపోతివి, ఇంగేమొస్తాది అంటాడు. నన్నే నాయనా! నాకు మండింది. అయితే వాని బతుకూ అంతంతే. జతకు యాడా ఎద్దు దొరక్క అత్తగారూర్నుంచి కాడి మోయని కోడెను తెచ్చి కట్టినాడు. అది గొర్రుతో సహా కొండెక్కింది. గొర్రు దొరికింది గానీ కోడె నిలవల్యా. ఊర్లో ఎవురి ఎద్దులు వాళ్ళ చేలల్లో ఉండాయి, పదును దినాల్లో ఎవురిస్తారు? రెండో దినం అట్లనే పోయింది. సాయంత్రం పుల్లమ్మ నా ముందరికొచ్చి నిలబడింది. తిట్టింటే బాగుండు. తిట్టల్యా.

"మరిదీ, పండ్లు చూసినావు, సుడులు చూసినావు, నిన్న రేత్రి ఏం తినిందో చెప్పినావు. ఏ పక్క నడుస్తాదని ఒక మాట అడగల్యాకపోయినావా?"

రాసుకో. మూడేండ్ల పిల్లోడు గూడా ఎద్దు పలుపు పట్టేముందు ఎలపటా దాపటా అని అడుగుతాడు. తాత రెండు సార్లు చెప్పినాడు గదా, అడగాల్సింది అడగండని. ఆయమ్మ లోపలికి పోయి, ఖాళీ గుంజ కాడ, పడ్డను కట్టేసే గుంజ కాడ కూర్చోనింది. నేను చూసినా. అప్పుడే మీసం మీద చెయ్యేసి, ఆ గింజ భూమిలో పడేదాకా వదలనని ఒట్టు పెట్టుకున్యా.

మూడో దినం. పొద్దున కాశెన్న మన్ను పట్టి పిసికితే ముద్ద అయింది గానీ అంచులు రాలుతాండాయి. సాయంత్రానికి పెంకే. ఆయప్ప గట్టు మింద తల పట్టుకోని కూర్చున్యాడు. నేను పోయి పంచె ఎగ్గట్టి, అన్నా, లెయ్, ఎలపట ఎద్దొచ్చింది అన్యా. యాడరా అన్నాడు. ఇదిగో అని కాడి ఎత్తి నా కుడి భుజం మీద పెట్టుకున్యా! దాపట మైలోడు, ఎలపట మద్దిలేటి. మైలోడు ఒకసారి ఓరగా నన్ను చూసినాడు. పై నుంచి కింది దాకా చూసినాడు. ఉస్సూరన్నాడు. సరేలే అని మెడ దించినాడు. హై అన్నాడు కాశెన్న. లాగినా! ఏం లాగినా అనుకున్యావు! భూమి నా కాళ్ళ కింద ఎనక్కి పోతాంది. మైలోడు నాతో సమానంగా నడవలేక, మెల్లగా, మెల్లగా అని చెవులూపతాండాడు. నాలుగెకరాల చేను పొద్దెక్కకముందే...

"రెండు సాళ్ళు."

చూసినావా, అంబలి ముంత దించి పెట్టి మరీ చెప్తాంది. రెండు సాళ్ళంట. అప్పుడు మీ అవ్వ కాపరానికొచ్చి మూడు నెల్లు, సద్ది ఎత్తుకోని గట్టు మింద నిలబడింది, చిన్న పిల్ల, లెక్క రాదు. రెండున్నర. ఆ సగం సాలు కాడ కాలి కింద రాయి జారింది. నేను పడల్యా, భూమి పైకొచ్చింది. నోటి నిండా మన్ను. అయినా కాడి వదల్యా, మోకాళ్ళ మీద లేచి మళ్ళా లాగతాండా. మైలోడు నిలబడిపోయి నా తలకాయ నాకతాండాడు. కాశెన్నేమో చాల్లేరా తమ్ముడూ, సస్తావు అని ఏడుస్తాండాడు. సరిగ్గా అప్పుడు, ఏమైందంటే, ఇది మాత్రం ఒక్క గింజ గూడా కలపకుండా చెప్తాండా, ఇను. ఓబుళేసు కొట్టం కాడ కట్టేసిన కర్రోడు రెండు దినాలుగా మేత సరిగ్గా తినల్యా. కాశెన్న హై అన్న పిలుపు ఇన్యాడు. మైలోని మెడ గంట ఇన్యాడు. గుంజ పీక్కున్యాడు! గుంజను పలుపుతో ఈడ్చుకుంటా, దడి దాటి, గట్టు దాటి, పరిగెత్తుతా వస్తాండాడు. గొడ్డు పిచ్చెక్కిందని జనం పక్కకు దూకినారు. నేరుగా నా ఎనక్కొచ్చి నిలబడినాడు. ఊపిరి నా మెడ మింద పడింది. మెల్లగా కొమ్ము నా చంక కింద పెట్టి, బిడ్డను ఎత్తినట్టు ఎత్తి, ఇంత దూరాన కంపలో పారేసినాడు. పారేసి, కాడి కింద నా చోట్లో, కాదు లే, వాని చోట్లో, పోయి మెడ దించి నిలబడినాడు. మైలోడు తల తిప్పి వాని చెవి నాకినాడు. అంతే. ఎద్దులకున్న బుద్ది మనకు ల్యాకపాయె అని కంపలోనుంచి నేనే మొదట అన్యా.

ఓబుళేసు రొప్పుకుంటా వచ్చినాడు. నా ఎద్దు నాకిచ్చేయండి అని ముకుతాడు పట్టి లాగినాడు. కర్రోడు కదల్యా. కాశెన్న, పట్టుకపోరా, నీ ఎద్దు నేను ముట్టను అన్నాడు. ముట్టడంట! ఇంట్లో కుండ, బయట పెంకు, అయినా ముట్టడంట! అప్పుడు పుల్లమ్మ వచ్చింది. తమ్ముని చేతిలోని తాడు లాక్కోనింది, మొగుని చేతిలోని చర్నాకోల లాక్కోనింది. ఒరే ఓబుళేసూ, నీ ఇంట్లో విత్తనం ఎంతుండాది అనింది. కుండెడక్కా. పిల్లోల్లు ఏం తిన్యారు? అంబలక్కా. నా ఇంట్లోనూ అంతే. మీ ఇద్దరికీ వంతే గదా కావాల్సింది, ఎవురి చేను ముందనే గదా అని, నేరుగా పోయి రెండు చేల నడుమున్న గట్టు మింద నిలబడి, కాలితో తొక్కింది. గట్టంటే ఎంత, మోకాలెత్తు మన్ను. తొక్కింది, తొక్కింది, గట్టు చదునైంది. సాలు ఆ కొసన మొదలు పెట్టండి, ఈ కొస దాకా తోలండి. ఆయన చేన్లో సగం, నీ చేన్లో సగం, ఒకే సాలు. మళ్ళా తిప్పుకోండి. ఎవురిది ముందో, ఎవురిది ఎనకో ఇంగ మీరే చెప్పండి చూస్తా అనింది.

ఇద్దరూ నోళ్ళు తెరిచినారు. ఊరు ఊరంతా వచ్చి ఉండాది గదా, ముసలోల్లు గూడా గడ్డాలు గోక్కున్యారు. ఆలోచించే కొద్దీ ఎవురిదీ ముందు కాదు. అయినా వాళ్ళు మొగోల్లు నాయనా, ఊరికే ఒప్పుకుంటారా? మరి మొదలు ఏ కొసన పెట్టాల అక్కా, ఆ కొస బావ చేను గదా అన్నాడు ఓబుళేసు. కర్రోడు యాడ నిలబడితే ఆడ్నుంచి అనింది పుల్లమ్మ. నిలబడింది మా చేన్లోనే గదా అని కాశెన్న మురిసినాడు. నిలబడింది నా ఎద్దు గదా అని ఓబుళేసు మురిసినాడు. ఇద్దరూ గెలిచినారు. కొర్రలు రెండు కుండలూ కలిపి ఒకే గిన్నెలో పోసినారు. ఇంగ చూడు, గొర్రు నడిచింది! మైలోడు అలసిపోతే దాపటకు కొత్తోన్ని కట్టినారు, వాడు అలసిపోతే మైలోన్ని. నేను తెచ్చిన ఎద్దు అక్కడ పనికొచ్చింది, అది ఎవురూ చెప్పరు, నేనే చెప్పుకోవాల. దాపటకు ఇద్దరుండారు, ఎలపటకు కర్రోడు ఒకడే. మరి వాడు నీళ్ళు తాగాలంటే ఎలపట ఎవురు? నేనే! కంప ముండ్లు పీక్కోని మళ్ళా కాడెత్తినా. నేను ఎంత సేపు లాగినానో కర్రోడు అన్ని నీళ్ళూ తాగొచ్చినాడు. ఒక ముంత నీళ్ళంట, మీ అవ్వ చెప్తాంది. అయితే ఆ ముంత పెద్దది. పొద్దు కొండ మింద ఆనేసరికి రెండు చేల ఆఖరి సాలు తిప్పినాం. కాశెన్న మన్ను పట్టి పిసికినాడు. ముద్ద కాల్యా, పొడిపొడిగా రాలిపోయింది. అంతటితో పదును అయిపోయింది. అంత దగ్గర.

ఆ ఏడు కొర్ర పండింది. కంకి నా మోచెయ్యంత. సరే, నా ఏలంత. రాశి పోస్తే అవతలి పక్క మనిషి కనపడల్యా. పంచుకునేటప్పుడు ఈ గింజ నీ కుండదా నా కుండదా అని ఎవురు చెప్తారు, సగం సగం తీసుకున్యారు. ఆ గట్టు మళ్ళా ఎవురూ ఏయల్యా. మళ్ళేడు పరసకు కొత్తోన్ని పట్టుకోని పుల్లమ్మే పోయింది, నన్ను ఎనక నడవమనింది, నోరు తెరవొద్దనింది. అదే చింతమాను, అదే తాత, పక్కన ఆయమ్మ పడ్డ! దీని అరుపుకు ఇంట్లో ఎవురికీ నిద్ర ల్యాదమ్మా, ఎవురొచ్చి అడుగుతారా అని చూస్తాండా అన్నాడు. పుల్లమ్మ పలుపు చేతికి తీసుకోని, తాతా, ఈ ఎద్దు దాపటది, తీసుకునేవానితో ముందే చెప్పు అని చెప్పి మరీ ఇచ్చింది. పడ్డ ఇంటికొచ్చి ఈనింది. పిల్లోల్లు మజ్జిగ తాగినారు. నాకూ ఒక చెంబు పంపింది, మరిదీ, నీ మీసానికి రాసుకో అని.

ఇదిగో చూడు, నా కుడి భుజం మీద ఈ కాయ. కాడి ఒరిసిన కాయ. కావడి మోసిన కాయ అంటాది మీ అవ్వ, అననీ. మైలోడు పోయినాడు, కర్రోడు పోయినాడు, మా ఊర్లో ఇప్పుడు ట్రాక్టర్లు తిరుగుతాండాయి, దానికి ఎలపటా ల్యా, దాపటా ల్యా. అయితే ఒకటి చెప్తా, రాసుకో. ఆ దినం మైలోడు నన్ను చూసి ఉస్సూరన్నాడే గానీ, నేను పడితే నిలబడినాడు, లేస్తే నడిచినాడు. అంతకు మూడు నెల్ల ముందే నన్ను ఇంకో కాడికి కట్టినారు. నలభై ఏండ్లయింది, దాపట పక్క సుంకులమ్మ. నన్ను చూసి ఉస్సూరనని దినం ల్యా. ఇప్పుడు గూడా అంటాంది, ఇను. అట్ల అంటానే అంబలి కలిపి పెట్టింది, చల్లారిపోతాదని అరుస్తాంది. నేను పోతాండా నాయనా, లేకుంటే కొమ్ము చంక కింద పడతాది.